ఉద్యోగం ఉంది, వచ్చేవాళ్లే లేరు

ప్రశ్న: నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లె. నేనూ మా బావమరిదీ కలిసి రైస్ మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల చెరువుల దగ్గర కరెంటు ఎక్కడ వృథా అవుతోందో చూసి చెప్పే పని పెట్టుకున్నాం. పని బాగానే వస్తోంది, మనుషులే దొరకట్లేదు. ‘ఎనర్జీ ఎఫిషియెన్సీ ఎగ్జిక్యూటివ్స్ కావలెను, సర్టిఫైడ్ ఆడిటర్లకు ప్రాధాన్యం, పురుషులు మాత్రమే, ఆకర్షణీయమైన జీతం’ అని మూడు నెలల్లో రెండుసార్లు ప్రకటన ఇచ్చాం. ఫోన్ చేసినవాళ్లలో సగంమంది ఇన్సూరెన్స్ అమ్మాలా అని అడిగారు. చేరిన ఒక్క కుర్రాడూ రాత్రిపూట చెరువు గట్టుకు వెళ్లాలనేసరికి నాలుగో రోజే మానేశాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో మొదటి నాలుగు వాక్యాలు చదవగానే మీ పనేంటో నాకు అర్థమైపోయిందండి, అదే మీ ప్రకటన మూడుసార్లు చదివినా అర్థం కాలేదు. ఉత్తరంలో రాసినట్టే ప్రకటనలోనూ రాయండి. ‘మిల్లుల్లో, చెరువుల మీద మోటార్లకు రీడింగులు తీసి, కరెంటు ఎక్కడ ఎక్కువ కాలుతోందో రాసే పని’ అంటే తణుకులో ఐటీఐ చదివిన కుర్రాడికైనా, పాలకొల్లులో మోటార్ వైండింగ్ షాపులో పనిచేసే మనిషికైనా ‘ఇది నేను చేయగలను’ అనిపిస్తుంది. ఎగ్జిక్యూటివ్ అంటే వాళ్లు ఇది తమకు కాదనుకుని పేజీ తిప్పేస్తారు.

ఇక సర్టిఫైడ్ ఆడిటర్, అంటే కరెంటు, ఇంధన వాడకాన్ని తనిఖీ చేయడానికి పరీక్ష పాసైన మనిషి సంగతి. 2001 ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అదే మన ఫ్రిజ్‌ల మీద నక్షత్రాలు వేయించే సంస్థ, ఆ పరీక్ష పెడుతుంది. ఆడిటర్ కావాలంటే నాలుగు పేపర్లు రాయాలి. చదువుతో పాటు కొన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లే అది రాయగలరు, అంత చదివిన మనిషి మీ దగ్గర మీటరు పట్టుకుని గట్లమీద తిరగడానికి రాడు కదా. రిపోర్టు మీద సంతకానికి అలాంటివారు అవసరమైతే ఆ పనికి విడిగా మాట్లాడుకోండి, రీడింగులు తీసేవాళ్లకు వేరే ప్రకటన ఇవ్వండి. రెండూ ఒకే దాంట్లో కలిపేస్తే ఇద్దరూ రారు.

రాత్రి పని ఉందని దాచకండి. చీకటి పడ్డాక చెరువు నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ తెల్లవారుజాముకి బాగా పడిపోతుంది, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఎక్కువగా తిరిగేది అప్పుడే, రీడింగ్ తీయాల్సిందీ అప్పుడే. పూర్తి లోడు మీదుంటే రెండు హెచ్‌పీ ఏరేటర్ ఒక్కటే గంటకు ఒకటిన్నర యూనిట్లకు పైనే లాగుతుంది, పదింటిని పది గంటలు తిప్పితే 150 యూనిట్లు దాటుతుంది, మరి ఆ లెక్క పగలు కూర్చుని ఎలా తేలుతుంది? అందుకే ‘వారంలో ఇన్ని రాత్రులు గట్టు మీద పని, బండి పెట్రోలు మాది, జీతం ఇంత’ అని అంకె వేసి రాయండి. నిజం చెప్పాలంటే ‘ఆకర్షణీయమైన’ అన్న మాట చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చదువైపోయిన కొత్తలో అలాంటి ప్రకటనే చూసి బస్సు ఛార్జీలు అప్పుచేసి రాజమండ్రి వెళితే, ముందు డిపాజిట్ కట్టమన్నారు.

ప్రకటన పేపర్లో వేస్తే చాలదు, ఐటీఐ, పాలిటెక్నిక్ నోటీసు బోర్డుల్లో, వైండింగ్ షాపుల్లో, రొయ్యల మేత కొట్ల దగ్గర అంటించండి, చెరువుల రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి. వచ్చినవాళ్ల చేతికి సర్టిఫికెట్ల కంటే ముందు క్లాంప్ మీటరు, అంటే వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు ఇచ్చి, త్రీఫేజ్ మోటారు వైర్లు మూడూ కలిపి క్లాంపులో పెడితే రీడింగు సున్నా దగ్గర ఎందుకు చూపిస్తుందో అడగండి. మూడు ఫేజుల కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది కాబట్టి ఒక్కో వైరూ విడిగా పట్టాలని చెప్పినవాళ్లను వదులుకోకండి.

‘పురుషులు మాత్రమే’ తీసేయండి. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని 1976లోనే సమాన వేతన చట్టం చెప్పింది, దాని చోట ఇప్పుడు వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే అంటోంది. పైగా ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు మన ఊళ్లలో ఎంతమంది లేరు? మిల్లుల్లో పగటి రీడింగులు, బిల్లుల లెక్కలు వాళ్లకు అప్పగించి చూడండి.

ప్రశ్న: నేను అమలాపురం దగ్గర ఉంటాను, ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాను. కరెంటు పొదుపు సామాన్లు బిగించే పని అంటే వెళ్లాను మేడమ్. ట్రైనింగ్‌కి అయిదు వేలు కట్టమంటున్నారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటున్నారు. టెన్షన్‌గా ఉంది, కట్టమంటారా?

జవాబు: వద్దమ్మా, పైసా కట్టకు. ఒరిజినల్స్ చూపించి అక్కడికక్కడే వెనక్కి తీసుకో, కావాలంటే జిరాక్సులు ఇవ్వు. పని నేర్చుకోవడమే నీకు కావాలంటే అప్రెంటిస్‌గా చేరు, 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం అక్కడ స్టైపెండ్ వాళ్లే నీకివ్వాలి. ఈలోగా పైన భీమవరం వాళ్ల ప్రశ్న చదువు, ఇష్టమైతే మాకు రాయి, నీ ఉత్తరం వాళ్లకు పంపిస్తాం.