నాయకుల నోట ‘మన బిడ్డ’ ఎవరు, ‘వలస పక్షి’ ఎవరు?

నాయకులు మాటలతో జనాన్ని ఎలా కలుపుతారు, ఎలా వేరు చేస్తారు అని అడిగారు. మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర పల్లె. ఎన్నికల సభలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను.

మైకు పట్టగానే ముందు వరసలు కలుపుతారు: అమ్మా, అక్కా, తమ్ముళ్లూ. తర్వాత యాస. బయటి జిల్లా నాయకుడు “ఏటి, బాగున్నారా?” అంటే చాలు, ఈలలే ఈలలు. మా యాసను సినిమాల్లో నవ్వులాటకు వాడటం చూసి చూసి ఉన్నాం, అందుకే అదే యాస వేదిక మీద వినిపిస్తే మర్యాద దక్కినట్టుంటుంది. ఇందులో నాకు తప్పు కనిపించదు.

ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ పెట్టి “తెలుగువారి ఆత్మగౌరవం” అన్నారు, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. ఆ మాటలో పరాయిది ఢిల్లీ పెత్తనం, పక్కింటివాడు కాదు. అయినా ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. “తెలుగు బిడ్డలారా” అన్నప్పుడు వాళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాదు.

నన్ను నిజంగా బాధపెట్టేది ‘వలస’ను తిట్టుగా వాడటం. ఎదుటి అభ్యర్థి వేరే ఊరివాడైతే “వలస పక్షి”, “నాన్‌లోకల్” అంటారు. అన్ని పార్టీల సభల్లోనూ విన్నాను. ఒకసారి మా ఊళ్లో ఆ మాటకి నా పక్కనున్న పిన్ని గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆవిడ కొడుకులిద్దరూ చెన్నైలో సెంట్రింగ్ పనిలో ఉన్నారు. “మన పిల్లల్నీ అక్కడ ఇలాగే అంటారేమో పిన్నీ” అన్నాను. చేతులు దించేసి, “అంతార్రా. పెద్దోడు ఫోన్లో సెప్పినాడు” అంది.

మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో, సముద్రం ఒడ్డు ఊళ్లలో వలస లేని ఇల్లు వెతుక్కోవాలి. హైదరాబాద్, చెన్నై, పోర్ట్‌బ్లెయిర్, గుజరాత్‌లో వెరావల్. 2018 చివర్లో అక్కడి బోట్లలో వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు 2020 జనవరిలో విడుదలైతే, అందరికీ వాళ్లు మన బిడ్డలే. మరి మన దగ్గరికి వచ్చినవాడు పక్షి ఎలా అయ్యాడు?

అభ్యర్థిని నిలదీయొద్దని కాదు. గెలిచాక ఇక్కడ ఉంటాడా, ఉద్దానంలో కిడ్నీ జబ్బుల ఊళ్ల సంగతి తెలుసా అని గట్టిగానే అడగాలి. ఈసారి మా ఊళ్లో సభ పెట్టేవాళ్లకు ‘వలస’ తిట్లు వద్దని ముందే చెబుదామని కొందరం అనుకుంటున్నాం.