విజయనగరంలో భార్యాభర్తల కౌన్సెలింగ్ పెట్టుకుని బతకొచ్చా?

ఎమ్మెస్సీ సైకాలజీ అయిందనీ, మీది సాలూరనీ, విజయనగరంలో దంపతుల కౌన్సెలింగ్ సొంతంగా పెడితే నడుస్తుందా అనీ అడిగారు. నేనెలా ఇందులోకి వచ్చానో కూడా చెప్పమన్నారు. నాకు ఏడేళ్లుగా నడుస్తోంది. కాకపోతే మొదటి రెండేళ్లు ఇల్లు గడిచింది కౌన్సెలింగ్ మీద కాదు, పొద్దున్నే జూనియర్ కాలేజీలో చెప్పిన పాఠాల మీద.

మాది పాలకొండ దగ్గర పల్లె, అప్పట్లో శ్రీకాకుళం జిల్లా. మా నాన్న తగువులు తీర్చే పెద్దమనిషి. పంచాయితీలన్నీ మా అరుగు మీదే. మొగుడూపెళ్లాల గొడవైతే మొగుడు, వాళ్ల నాన్న, ఇటు మేనమావ, అందరూ అరుగెక్కి మాట్లాడేవారు. ఆ పెళ్లాం మాత్రం గుమ్మం వెనక నిలబడేది. మంచినీళ్లు అందించేది నేనే కాబట్టి ఆవిడ మొహం నాకు కనబడేది. ఆఖర్న నాన్న "ఏటమ్మా, ఎల్తావా మరి?" అనేవారు. తల ఊపేది. తగువు తీరినట్టే. అలా తల ఊపిన ఒకావిడ పెరట్లో మా అమ్మతో అన్న మాట నాకింకా గుర్తు: "ఎల్తావా అనడిగినారు గానీ, ఏటయిందని ఒక్కలూ అడగనేదప్పా."

ఆ మాట విలువ నాకు నా పెళ్లయ్యాక గానీ తెలియలేదు. నేనూ మా ఆయనా ఒకే ఇంట్లో ఉంటూ నాలుగు నెలలు పిల్లాడి చేత కబుర్లు పంపుకున్నాం. "నాన్నకి అన్నం పెట్టేశానని చెప్పు." చివరికి విశాఖలో ఒక మేడమ్ దగ్గరికి వెళ్లాం, పదకొండుసార్లు. ఇంట్లో పెద్దవాళ్లకి మాత్రం పళ్ల డాక్టరు దగ్గరికని చెప్పాం. ఆవిడ మాకు ఒక్క సలహా ఇవ్వలేదు. ఆఖరిసారి జరిగిన గొడవని నిమిషం నిమిషం చెప్పించారు. ఎవరు ముందు లోపలికి వెళ్లిపోయారు, వెళ్లేటప్పుడు ఒంట్లో ఎలా ఉంది, అవతలివాళ్లు దాన్ని ఏమనుకున్నారు. నేను అలిగి వెళ్లానని ఆయన, ఆయన పట్టించుకోలేదని నేను. ఇద్దరం భయపడుతున్నామని ఆ గదిలోనే తెలిసింది. ఆ తర్వాతే, ముప్పై మూడేళ్లప్పుడు, ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీలో చేరాను.

చదువయ్యాక ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో పని. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం, వీలున్నచోట ముందు రాజీకి ప్రయత్నించమని సెక్షన్ 9లో చెబుతుంది. చట్టంలో తప్పులేదు. మా కేంద్రంలో మాత్రం నెలకి ఎన్ని జంటల్ని "కలిపాం" అన్నదే లెక్క. చేతి మీద వాత ఉన్న పిల్లని కూడా ఆ లెక్కలో రాయమన్నారు. రాయలేదు. మూడు నెలలకి మానేశాను.

అందుకే ఇప్పుడు ముందు ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెడతాను. కొట్టడం, భయపెట్టడం ఉందని తెలిస్తే జంటగా కూర్చోబెట్టను. గదిలో నోరు విప్పిన పాపానికి ఇంటికెళ్లాక దెబ్బలు తినేది ఆ మనిషే. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181 నంబరు, 2005 నాటి గృహహింస చట్టం గురించి విడిగా చెబుతాను. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

ఇక గది. మొదట గంటస్తంభం దగ్గర బట్టల షాపు పైన తీసుకున్నాను, జనం తిరిగే చోటని. అదే కొంప ముంచింది. మెట్లెక్కుతుంటే కింద ఎవరో ఒక చుట్టం చీరలు బేరమాడుతూ ఉంటుంది! మూడు నెలల్లో వచ్చినవి నాలుగు జంటలు. అప్పుడు మా పళ్ల డాక్టరు అబద్ధం గుర్తొచ్చింది. నిజంగానే ఒక డెంటల్ క్లినిక్ పక్క గదికి మారాను. అక్కడికి ఎవరొచ్చినా పన్ను నొప్పే.

ఫీజు మొదట్లో తీసుకోలేదు. ఊరికే వచ్చినవాళ్లు రెండోసారి రాలేదు. మూడొందలు పెట్టాక రావడం మొదలెట్టారు, ఇప్పుడు ఎనిమిదొందలు. మా నాన్న ఓసారి వచ్చి చూసి, "డబ్బులిచ్చి మరీ తగువు సెప్పుకుంటారేటే?" అని ఆశ్చర్యపోయారు.

బోర్డు మీద "క్లినికల్ సైకాలజిస్ట్" అని రాయించకండి. అది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, వాళ్ల రిజిస్టరులో పేరున్నవాళ్లకే. మందుల జోలికి అసలు వెళ్లొద్దు. నిద్రలేక, తిండి మానేసి, చావు మాట ఎత్తేవాళ్లని వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. విశాఖలో నాకు ఒక సీనియర్ ఉన్నారు, నెలకి రెండుసార్లు పేర్లు చెప్పకుండా నా కేసులు ఆవిడ ముందు పెడతాను. మీరూ అలాంటివాళ్లని ముందే చూసుకోండి, ఒంటరిగా చేస్తే మనకే తల తిరుగుతుంది.

రాబడి ఏడాదంతా ఒకేలా ఉండదు. సిరిమానోత్సవం రోజుల్లో ఇంటినిండా చుట్టాలు, ఎవరూ రారు. సంక్రాంతి ముందూ అంతే. కనుమ దాటాక ఫోన్లే ఫోన్లు. మన జిల్లాల మగవాళ్లు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనిచేస్తూ పండక్కి వస్తారు కదా, పదిరోజుల్లో ఏడాది గొడవంతా పడి మళ్లీ రైలెక్కేస్తారు. అలాంటి జంటలకి రాత్రి తొమ్మిది తర్వాత వీడియో కాల్లో కూర్చుంటాను. అటు ఆయన గదిలో ఇంకో నలుగురుంటారు, అందుకని మేడ మీదికి వెళ్లి మాట్లాడమంటాను. ఇటు ఆవిడ అత్తగారు నిద్రపోయేదాకా ఆగాలి. మీరు గది అద్దెకి తీసుకునే ముందు రాత్రిపూట అక్కడ సిగ్నల్ వస్తుందో లేదో చూసుకోండి.