ఆ రోజు మీ అమ్మగారి చేతిలో ఏముండాల్సింది?

ప్రశ్న: సార్, నమస్తే. నాకు 34 ఏళ్లు. మాది అచ్చంపేట దగ్గర పల్లె. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న గుంపు మేస్త్రీ వెంట ముంబై పనికి పోయి, కడుతున్న బిల్డింగు మీది నుంచి పడి చనిపోయాడు. ఆయన తీసుకున్న అడ్వాన్సు తీర్చడానికి అమ్మ రెండేళ్లు మేస్త్రీ కింద కూలి చేసింది. నేను బడి మానేసి కల్వకుర్తిలో ఒక హోటల్లో గ్లాసులు కడిగాను. పక్కనే మోటార్ వైండింగ్ షాపు ఉండేది. రాత్రిళ్లు అక్కడ కూర్చుని చూసి చూసి పని నేర్చుకున్నాను. ఓపెన్ స్కూల్లో పది పాసై, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేశాను. ఇప్పుడు సొంత షాపు, ఇద్దరు పనివాళ్లు. షాపు ఖర్చులు పోను యాసంగిలో నెలకు లక్ష దాకా మిగులుతుంది, వానాకాలంలో పాతిక వేలు కూడా కష్టమే. సగటున 65 వేలు. ఇంటి ఖర్చు 30 వేలు. భార్య, ఐదేళ్ల పాప, 61 ఏళ్ల అమ్మ ఉన్నారు. సేవింగ్స్ ఖాతాలో 6 లక్షలు ఉన్నాయి. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చినవి 3 లక్షలు. నాకు అప్పు పైసా లేదు. శ్రీశైలం రోడ్డులో 12 లక్షలకు ఒక ప్లాటు చూశాను. ఉన్నదంతా పెట్టి, మిగతాది వాయిదాల్లో కట్టాలని ఉంది. ఒకాయన ఏడాదికి 60 వేలు కట్టే పాలసీ తీసుకోమని వెంటపడుతున్నాడు. నేను ఎవరి మీదా ఆధారపడకుండా ఇంతదాకా వచ్చాను. నాకు బీమా అవసరమా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. హోటల్లో పని ముగించుకుని, నిద్ర మానుకుని, కాయిల్ ఎలా చుడతారో చూస్తూ కూర్చున్న ఆ పిల్లవాడు కళ్ల ముందే ఉన్నాడు. పైసా అప్పు లేకుండా సొంత షాపు పెట్టడం చిన్న విషయం కాదు. దానికి ముందుగా నా నమస్కారం.

బీమా అవసరమా అని మీరు అడిగారు. నేను మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ముంబై నుంచి కబురు వచ్చిన రోజు మీ అమ్మగారి చేతిలో ఏముంటే మీరు బడి మానేయాల్సి వచ్చేది కాదు? మీ నాన్నగారు కూడా ఎవరి ముందూ చెయ్యి చాచని మనిషే అయి ఉంటారు. పాలమూరు నుంచి వలసపోయిన వాళ్లంతా రెక్కల కష్టాన్ని నమ్ముకున్నవాళ్లే. ఆ రెక్కలు పోయిన రోజు ఇంట్లో ఏమీ లేదు, పైగా మేస్త్రీ అడ్వాన్సు ఉంది. ఇప్పుడు మీ ఇంట్లో నలుగురు బతుకుతున్నది మీ రెండు చేతుల మీద. ఆ చేతులు రోజూ ముట్టుకునేది కరెంటును. మీరు ఎవరి మీదా ఆధారపడలేదన్నది నిజమే. మీ మీద ఆధారపడినవాళ్ల సంగతి ఏమిటన్నదే ఇప్పుడు మనం చూడాల్సింది.

అందుకని ప్లాటు కంటే ముందు టర్మ్ పాలసీ. మీరు లేకపోతే ఇంటివాళ్లకు డబ్బు వస్తుంది, మీరు క్షేమంగా ఉంటే కట్టింది తిరిగి రాదు. చాలామందికి ఇక్కడే మనసు ఒప్పదు. కానీ మీ వెంటపడుతున్న ఆ 60 వేల పాలసీలో బీమా మొత్తం చూడండి. అలాంటివాటిలో సాధారణంగా ప్రీమియానికి పది, పదిహేను రెట్లే ఉంటుంది. అంటే 6 నుంచి 9 లక్షలు. మీ ఇంటి ఖర్చుకు ఇరవై నెలలు, మహా అయితే రెండున్నరేళ్లు వస్తుంది. సిగరెట్, గుట్కా అలవాటు లేని మీ వయసు మనిషికి 60 ఏళ్లు వచ్చేదాకా కోటి రూపాయల టర్మ్ పాలసీ ఏడాదికి సుమారు 12 నుంచి 18 వేలలో దొరుకుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్టీ కూడా లేదు. కోటి ఎందుకంటే, ఆరు శాతం వడ్డీకి వేసినా ఏడాదికి 6 లక్షలు వస్తాయి. 3 లక్షల 60 వేలతో ఇల్లు గడుస్తుంది, మిగతాది అసలులో కలుపుతూ పోతే పెరిగే ధరలను కొంతవరకు తట్టుకుంటుంది.

పాలసీ ఫారం నింపేటప్పుడు ఒక మాట తప్పకుండా అడగండి. వివాహిత మహిళల ఆస్తి చట్టం అని 1874 నాటిది ఒకటుంది. దాని కింద పాలసీ తీసుకుంటే ఆ డబ్బు మీ భార్యకూ పాపకూ మాత్రమే చెందుతుంది. మీకు అప్పు ఇచ్చామంటూ ఎవరొచ్చినా దాన్ని ముట్టుకోలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఇది ఎంచుకోవాలి, తర్వాత కుదరదు. మేస్త్రీ బాకీ కింద మీ అమ్మగారు చేసిన రెండేళ్ల కూలి గుర్తుకొచ్చే ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఒక చిక్కు ఉంది. అంత మొత్తానికి బీమా ఇవ్వాలంటే కంపెనీలు ఆదాయానికి రుజువు అడుగుతాయి. మీరు ఐటీ రిటర్న్ సంగతి రాయలేదు. వేయకపోతే ఈ ఏడాదే మొదలుపెట్టండి. టర్నోవర్ 2 కోట్లు దాటని చిన్న వ్యాపారులకు లెక్కల పుస్తకాలు లేకుండానే రిటర్న్ వేసే పద్ధతి ఉంది. పన్ను పడుతుందని టెన్షన్ పడకండి. మీ షాపు ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపే, వడ్డీలు కలిపినా 9 దాటదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదు. రేపు షాపు పెంచుకోవడానికి బ్యాంకు లోను కావాలన్నా ఆ కాగితాలే అడుగుతారు.

రిటర్న్, టర్మ్ పాలసీ అయ్యేలోపు ఈ వారమే మీ బ్యాంకుకు వెళ్లి రెండు ఫారాలు నింపండి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు (చేరిన మొదటి 30 రోజుల్లో మాత్రం ప్రమాద మరణానికే). సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా, రెండు కళ్లో రెండు చేతులో పోయినా 2 లక్షలు. మీ పనివాళ్లిద్దరికీ కూడా ఇవి మీరే కట్టండి. బోరు దగ్గర తడి నేలలో నిలబడి స్టార్టర్ విప్పేది వాళ్లే కదా. మీ వరకు 2 లక్షలు చాలవు. చెయ్యి పనిచేయకుండా పోతే టర్మ్ పాలసీ మామూలుగా ఏమీ ఇవ్వదు. కాబట్టి విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ 25 లక్షలకైనా తీసుకోండి. మీరు చేసే పని ఏమిటో దాచకుండా రాయండి.

ఆరోగ్య బీమా మీకు, భార్యకు, పాపకు కలిపి ఒకటి, అమ్మగారికి విడిగా ఒకటి. ఆమె వయసుకు ప్రీమియం కాస్త ఎక్కువే ఉంటుంది. షుగర్ లాంటివి ఉంటే చెప్పేయండి. చెప్పిన జబ్బులకు మూడేళ్లకు మించి ఆగాల్సిన పని లేదు, దాచితే మాత్రం క్లెయిమే పోతుంది. ఆరోగ్యశ్రీకి అర్హత ఉంటే అందులో ఏడాదికి 10 లక్షల దాకా వైద్యం ఉంది, అదీ వదులుకోకండి.

ఇక ప్లాటు. భూమి కొనాలన్న మీ కోరిక నాకు అర్థమవుతుంది. ఏమీ లేని ఇంట్లో పుట్టినవాళ్లకు ‘ఇది నాది’ అని నిలబడే జాగా ఉండటంలో ఉన్న తృప్తి వేరు. కొనండి, కానీ ఇప్పుడు వద్దు. ఉన్న 9 లక్షలూ పెట్టేస్తే వానాకాలంలో మీ రాబడి 25 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు, పైన వాయిదా. ఆ నెలలో అమ్మగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ప్లాటులో ఒక మూల అమ్ముకోలేరు కదా. లక్షకు నెలకు 2 వేల వడ్డీ కట్టే చోటికి మీరే వెళ్లాల్సి వస్తుంది. ఇన్నాళ్లూ ఏ అప్పుకు దూరంగా ఉన్నారో దాని గడపే తొక్కుతారు.

6 లక్షల్లో 3 లక్షలు కదపకూడని డబ్బుగా ఎఫ్‌డీలో వేయండి. సేవింగ్స్ ఖాతాలో రెండున్నర, మూడు శాతానికి అంత డబ్బు పడి ఉండటం దండగ. మిగతా 3 లక్షలు కూడా ఎఫ్‌డీలోనే, ప్లాటు కోసం. ఊళ్లో ఇచ్చిన అప్పులు మెల్లగా వెనక్కి తెచ్చుకోండి, కొత్తగా ఇవ్వకండి. ప్రామిసరీ నోటుకు గడువు మూడేళ్లే. ఆలోపు ఎంతో కొంత జమ చేయించి, నోటు వెనక తేదీ వేసి సంతకం పెట్టించుకోకపోతే కోర్టులో అది చెల్లదు. ఇవాళే నోట్లన్నీ తీసి తేదీలు చూసుకోండి.

షాపు ఖాతా, ఇంటి ఖాతా వేరు చేయండి. లక్ష మిగిలిన నెలైనా, పాతిక వేలు వచ్చిన నెలైనా, షాపు నుంచి మీరు తీసుకునే జీతం 40 వేలే. యాసంగిలో మిగిలింది వానాకాలానికి దాటుతుంది. ఆ 40లో ఇల్లు 30, పాప పేరున సుకన్య సమృద్ధిలో 5, షేర్ మార్కెట్ సూచీ వెంట నడిచే ఇండెక్స్ ఫండ్‌లో మీ పేరున ఇంకో 5. సుకన్యలో ఇప్పుడు వడ్డీ 8.2 శాతం. పదిహేనేళ్లు కట్టి, ఖాతా తెరిచిన నాటి నుంచి 21 ఏళ్లు పూర్తయ్యేదాకా ఉంచితే, ఇదే వడ్డీ కొనసాగితే 27 లక్షల పైచిలుకు వస్తుంది. పాపకు 18 నిండాక చదువుకు సగం దాకా తీసుకోవచ్చు. ఫండ్ డబ్బు పదేళ్లు మరిచిపోగలిగితేనే వేయండి, మధ్యలో తగ్గుతుంది కూడా.

ఇలా చేస్తే బీమాలన్నీ కట్టాక కూడా షాపు ఖాతాలో ఏడాదికి రెండు, రెండున్నర లక్షలు నిలుస్తాయి. ఎఫ్‌డీలోని 3 లక్షలు, వసూలయ్యే 3 లక్షలు కలుపుకుంటే మూడేళ్లలో మీ ప్లాటు వాయిదాల్లేకుండా వస్తుంది. అప్పుడు కూడా బ్రోచర్ చూసి కాదు. హెచ్‌ఎండీఏ, డీటీసీపీ లాంటి ప్రభుత్వ సంస్థ లేఅవుట్‌కు ఇచ్చిన తుది అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే 30 ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూసుకోవాలి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదని రెరా చట్టమే చెబుతోంది. ప్రభుత్వం కడతామంటున్న ఫ్యూచర్ సిటీ పేరు చెప్పి, అనుమతులు రాకముందే ప్రీ లాంచ్ రేటంటూ తొందరపెట్టేవాళ్లకు దూరంగా ఉండండి. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్ల జోలికి పోకండి.

ఇంకొక పని, దీనికి పైసా ఖర్చు లేదు. మీ నాన్నగారు మేస్త్రీ దగ్గర ఎంత తీసుకున్నారో, ఎంత తీర్చారో మీ అమ్మగారికి తెలిసి ఉండదు. మేస్త్రీ చెప్పిందే లెక్క అయి ఉంటుంది. మీరు ఒక నోటుబుక్కులో ఖాతా నంబర్లు, పాలసీలు, నామినీ పేర్లు, ఎవరు మీకు ఎంత ఇవ్వాలో, షాపు అడ్వాన్సు ఎంతో అన్నీ రాయండి. ఒక ఆదివారం మీ భార్య పక్కన కూర్చుని మొదటి పేజీ నుంచి చదివి వినిపించండి. ఆమె అడిగిన ప్రతిదానికీ ఓపికగా జవాబు చెప్పి, ఆ పుస్తకం బీరువాలో ఏ అరలో పెడుతున్నారో కూడా చూపించండి.