అమ్మలూ, కరెంటు పెంచే ముందు గ్రాఫ్ గీయి

చిరంజీవి అమ్మలుకి,
పెదనాన్న ఆశీస్సులు.

పాశమైలారంలో ఉద్యోగం ఖాయమైందనీ, వచ్చే వారం నుంచి ఎలక్ట్రోడయాలిసిస్ యూనిట్ నీకు అప్పగిస్తున్నారనీ మీ నాన్న చెప్పాడు. గ్లైసిన్ అనే అమైనో యాసిడ్ ద్రావణంలోంచి కరెంటుతో ఉప్పు తీసే పని అట కదా. విని చాలా సంతోషించాను. ఇరవై ఏళ్లు ఆ స్టాకుల (మెంబ్రేన్ల దొంతరల) పక్కనే గడిపినవాణ్ణి. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను.

సూత్రం నీకు తెలిసిందే. కాటయాన్ మెంబ్రేన్ అంటే ధనావేశ అయాన్లను పోనిచ్చే పలచని పొర. దాని ఒంట్లో రుణావేశం ఉంటుంది, అందుకని సోడియంను పోనిస్తుంది, క్లోరైడ్‌ను తోసేస్తుంది. ఆనయాన్ మెంబ్రేన్ దీనికి తలకిందులు. ఈ రెండింటినీ ఒకటి విడిచి ఒకటి పేర్చి, చివర్లలో డీసీ ఇస్తే ఒక గదిలో ఉప్పు తగ్గుతుంది, పక్క గదిలో పెరుగుతుంది. ఆవేశం లేనిదాన్ని కరెంటు లాగదు. నీ గ్లైసిన్ లోపలే ఉండిపోవడానికి కారణం అదే. పీహెచ్ 6 దగ్గర దాని మీద ధన, రుణావేశాలు సరిసమానం. పీహెచ్ 3కి పడిందా, అందులో కొంత భాగం ధనావేశంతో సోడియం వెంట కాటయాన్ మెంబ్రేన్ దాటిపోతుంది. ఈ మాట గుర్తుంచుకో, దీంతో మళ్లీ పని పడుతుంది.

చేరగానే ఒక లెక్క వేసుకో. ఒక జత మెంబ్రేన్ల మీదుగా 58.5 గ్రాముల ఉప్పు దాటాలంటే 26.8 ఆంపియర్-గంటలు కావాలి. వంద జతల స్టాక్‌లో 20 ఆంపియర్లు గంటసేపు నడిస్తే, ఒక్క ఆంపియర్ కూడా వృథా పోకపోతే, దాదాపు 4.4 కిలోలు. రోజూ ట్యాంకులో తగ్గిన ఉప్పును దీంతో పోల్చు. ఆ నిష్పత్తి నెమ్మదిగా దిగుతోందంటే ఎక్కడో లీకో, మెంబ్రేన్ పాడవడమో మొదలైందన్నమాట.

ఇక అసలు సంగతి. నీ మీద వచ్చే మొదటి ఒత్తిడి, "మేడమ్, వోల్టేజ్ కాస్త పెంచండి, బ్యాచ్ తొందరగా అయిపోతుంది" అని. ఒప్పుకోకు. కరెంటు పెంచేకొద్దీ, పలచని వైపు మెంబ్రేన్‌ను ఆనుకుని ఉన్న సన్నని నీటి పొరలో ఉప్పు అయిపోతూ వస్తుంది. వెనకనుంచి వచ్చే అయాన్లు సరిపోనప్పుడు, ముఖ్యంగా ఆనయాన్ మెంబ్రేన్ దగ్గర, నీరే హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లుగా విడిపోతుంది. హైడ్రాక్సైడ్ ఉప్పు చిక్కబడే గదిలోకి దాటుతుంది, హైడ్రోజన్ అయాన్ నీ ప్రొడక్ట్ వైపు మిగిలిపోతుంది. ప్రొడక్ట్ పీహెచ్ పడిపోతుంది, గ్లైసిన్ జారుకోవడం మొదలవుతుంది. అవతలి వైపు పీహెచ్ పెరిగి, కాల్షియం ఉంటే సుద్ద కడుతుంది.

నేను చూశాను ఇది. అప్పట్లో పనిచేసిన చోట, డిస్పాచ్ తొందరలో నైట్ షిఫ్ట్‌లో వోల్టేజ్ పెంచారు. ఉప్పు చిక్కబడే వైపు ఉన్న కాన్సంట్రేట్ ట్యాంకులో, కాల్షియం తీసిన మెత్తని నీళ్లకు బదులు బోరు నీళ్లు పోశారు. నాలుగో రోజుకు ప్రెజర్ పెరిగింది. స్టాక్ విప్పితే, ఆనయాన్ మెంబ్రేన్లన్నిటికీ ఒకే వైపు, మెంబ్రేన్ల మధ్య ఉండే స్పేసర్ వల గళ్ల అచ్చుతో సహా తెల్లటి పెచ్చు. నీళ్లు కాచే కాగు అడుగున పట్టే సుద్ద లాంటిదే. గోటితో గీరితే మెంబ్రేన్ కూడా చిరిగింది. రెండు శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగితే కొన్ని దక్కాయి, మిగతావి పారేశాం. ఆ రోజు షీట్లు ఒక్కొక్కటీ విడదీస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

అందుకే నువ్వు మొదటి వారం ప్రొడక్షన్ జోలికి పోకుండా ఒక రోజు అడుగు. ద్రావణం కండక్టివిటీ, ఫ్లో, టెంపరేచర్ మారకుండా పెట్టి, వోల్టేజ్‌ను కొద్దికొద్దిగా పెంచు. ప్రతి మెట్టు దగ్గరా కరెంటు కుదురుకునేదాకా ఆగి రాసుకో. వోల్టేజ్‌ను కరెంటుతో భాగించి నిలువు గీత మీద, ఒకటిని కరెంటుతో భాగించి అడ్డగీత మీద పెట్టు. గీత ఎక్కడ వంగుతుందో అక్కడి కరెంటే హద్దు. అందులో 70 నుంచి 80 శాతం లోపే నడుపు. ఈ హద్దు స్థిరంగా ఉండదమ్మా, ఉప్పు తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. కాబట్టి కనీసం మూడు కండక్టివిటీల దగ్గర గీయి. బ్యాచ్ చివర్లో కరెంటు తగ్గించాల్సిందే. ఆఖరి కొద్దిపాటి ఉప్పును, అయాన్లను పట్టుకునే రెజిన్ కాలమ్‌కు వదిలేయడం మేలు.

మిగతావి తొందరగా చెబుతాను. ముందు ఫ్లో, తర్వాత పవర్. ఆపేటప్పుడు ముందు పవర్, తర్వాత ఫ్లో. కాథోడ్ దగ్గర హైడ్రోజన్ వస్తుంది, వెంట్ లైన్ మూసుకుపోకుండా చూడు. ఎలక్ట్రోడ్లను కడిగే రిన్స్‌లో ఉప్పు నీళ్లు వాడితే ఆనోడ్ దగ్గర క్లోరిన్ పుడుతుంది, సోడియం సల్ఫేట్ వాడమను. స్టాక్ విప్పితే మెంబ్రేన్లు ఫ్యాన్ గాలికి ఎండకూడదు, ఉప్పు నీళ్లలోనే ఉండాలి. ఏది ఏ మెంబ్రేనో అనుమానమొస్తే మూలన చిన్న ముక్క కత్తిరించి మిథిలిన్ బ్లూలో వెయ్యి, కాటయాన్‌ది ముదురు నీలం పట్టేస్తుంది. రంగున్న మదర్ లిక్కర్‌ను, అంటే స్ఫటికాలు తీశాక మిగిలిన ద్రావణాన్ని, కార్బన్ మీదుగా పంపకుండా తిన్నగా ఎక్కించనివ్వకు, పెద్ద ఆర్గానిక్ ఆనయాన్లు మెంబ్రేన్‌లో ఇరుక్కుంటే మళ్లీ బయటికి రావడం కష్టం.

ఒక మాట నా మనసులోది. నువ్వు తీసిన ఉప్పు ఎక్కడికీ మాయం కాదు, కాన్సంట్రేట్ ట్యాంకులో ఉంటుంది. అది ఎంఈఈకి, అంటే నీళ్లను ఆవిరి చేసే యంత్రానికి వెళ్లి, నీళ్లు ఆవిరై, ఉప్పుగా బయటికి రావాలి. ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు కలిసిన నక్కవాగు కథ తెలుసు కదా. పటాన్‌చెరు రైతుల గోడు 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ వాగు పక్కన పొలాల్లో తెల్లగా తేలిన ఉప్పు మరక నా కళ్లతో చూశాను. నీ లాగ్‌బుక్‌లో ప్రొడక్ట్ కాలమ్ పక్కనే కాన్సంట్రేట్ ఎన్ని లీటర్లు, ఎటు పోయింది అన్న కాలమ్ కూడా గీసుకో. ఎవరూ అడగకపోయినా రాయి.

మొదటి గ్రాఫ్ గీశాక ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. వంపు ఎక్కడుందో ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న