ఆటిజం ఉన్న మా అబ్బాయికి 23 ఏళ్లు.. మేం పోయాక వాణ్ని ఎవరు చూస్తారు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. పాతికేళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మా వారు రైల్వేలో చేస్తున్నారు, వచ్చే ఏడాది రిటైరవుతారు. మా అబ్బాయికి 23 ఏళ్లు. చిన్నప్పుడే ఆటిజం అన్నారు. మాటలు తక్కువ. స్నానం, తిండి లాంటి పనులు సొంతంగానే చేసుకుంటాడు. 18 నిండాక స్పెషల్ స్కూల్ వాళ్లు ఇక పంపొద్దన్నారు. అప్పటినుంచి ఇంట్లోనే ఉంటున్నాడు. రెండు నెలలుగా కుడి చెంప మీద కొట్టుకుంటున్నాడు, రాత్రుళ్లు నిద్రపోవడం లేదు. మందు డోసు పెంచినా తగ్గలేదు. ఎప్పుడో నెల్లూరులో తీసుకున్న సదరం సర్టిఫికెట్‌లో బుద్ధిమాంద్యం అని ఉంది. అది ఇక్కడ చెల్లుతుందా? మా పెద్దమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. మా తర్వాత వీడి గతేమిటి డాక్టర్ గారూ? – ఒక తల్లి, చెన్నై

జవాబు: అమ్మా, ముందు ఆ చెంప సంగతి చూద్దాం. మాటల్లో చెప్పలేని మనిషి ఒకే చోట పదేపదే కొట్టుకుంటుంటే అది మొండితనమనో, ఆటిజం ముదిరిందనో అనుకోకూడదు. అక్కడ నొప్పి ఉందేమోనని వెతకాలి. ఈ వయసులో చెంప అనగానే నాకు ముందు జ్ఞానదంతం మీద అనుమానం వస్తుంది, ఆ తర్వాత చెవి. అన్నం ఎడమవైపే నములుతున్నాడా? చల్లనీళ్లు తాగగానే ముఖం చిట్లిస్తున్నాడా? బ్రష్ ఆ వైపు వెళ్లనివ్వడం లేదా? రెండు రోజులు గమనించి కాగితం మీద రాసుకోండి. పెరంబూరు రైల్వే ఆసుపత్రి మీకు దగ్గరే కదా, ఆ కాగితంతో పంటి డాక్టర్‌ను కలవండి. రద్దీ లేని టైము ముందే కనుక్కోండి. ఆ కుర్చీ, లైటు, డాక్టర్ మాస్కు ఫొటోలు వారం ముందు నుంచే అబ్బాయికి చూపిస్తూ ఉండండి. అయినా నోరు తెరవనివ్వకపోతే మత్తు ఇచ్చి చూసే ఏర్పాటు పెద్దాసుపత్రుల్లో ఉంటుంది. నిద్ర లేకపోవడానికి మలబద్ధకం, ఎసిడిటీ కూడా కారణం కావచ్చు. ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ ఉండిపోతుంటే ఫిట్స్ ఉన్నాయేమో కూడా చూడాలి. ఆటిజం ఉన్నవాళ్లలో అవి యుక్తవయసులోనూ మొదలవుతాయి.

రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటి మందులు చిరాకును, దూకుడును తగ్గిస్తాయి తప్ప ఆటిజాన్ని తగ్గించవు. పంటినొప్పికి అసలే పనిచేయవు. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. మందు రాసిన డాక్టర్‌కే ఈ విషయం చెప్పండి.

ఇక స్కూల్ విషయం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉచిత విద్య హక్కును 6 నుంచి 18 ఏళ్ల వరకే ఇచ్చింది. అక్కడితో స్కూళ్లు చేతులు దులుపుకుంటాయి. ఆటిజం మాత్రం 18తో ఆగిపోదు. పెద్దవాళ్లయ్యాక ఏ సాయమూ దానంతట అది ఇంటికి రాదు, మనమే వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. ఇది అన్యాయమే. మన దేశంలో ఆటిజం సేవల్లో అతి పెద్ద లోటు ఇదేనని నా అభిప్రాయం.

మీ సదరం సర్టిఫికెట్ చెల్లకుండా పోదు. వైకల్య ధ్రువపత్రం ఏ రాష్ట్రంలో తీసుకున్నా దేశమంతా చెల్లుతుందని చట్టమే చెబుతోంది. కాకపోతే 1995 నాటి పాత చట్టంలోని ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. అందుకే ఆ రోజుల్లో చాలామంది పిల్లలకు బుద్ధిమాంద్యం అని రాసిచ్చారు. కొత్త చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం విడిగా ఉంది. చెన్నై చిరునామాతో స్వావలంబన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు, అంటే దేశమంతటికీ ఒకే వికలాంగుల గుర్తింపు కార్డుకు అప్లై చేసి, ఆటిజం అని రాయించుకోండి. మెడికల్ బోర్డు వాళ్లు ఆటిజం తీవ్రతను కొలిచే 40 అంశాల ఇసా స్కేలుతో పరీక్షిస్తారు. మీ అబ్బాయికి ఇంట్లో అలవాటైన భాష తెలుగు అని అక్కడ కూర్చోగానే చెప్పండి. తమిళంలో అడిగిన ప్రశ్నకు పలక్కపోతే అది కూడా అతని లోటుగానే లెక్కలోకి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ప్రశ్నలను మేమే తెలుగులో అడుగుతామని వాళ్లకు చెప్పండి. నెలనెలా వచ్చే ప్రభుత్వ సాయం మాత్రం నివాసం ఉన్న రాష్ట్రం నుంచే వస్తుంది. ఊళ్లో ఒక చిరునామా, ఇక్కడ ఒక చిరునామా పెట్టుకోవద్దు. కార్డు వచ్చాక చెన్నై జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో అడగండి.

పగలంతా ఇంట్లో ఖాళీగా కూర్చోవడం ఆ వయసు కుర్రాడికి మంచిది కాదు. ఈస్ట్ కోస్ట్ రోడ్డులో ముట్టుకాడు దగ్గర బహుళ వైకల్యాలున్న వారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఎండీ ఉంది. పెరంబూరు నుంచి రోజూ వెళ్లిరావడం కష్టమే. అయినా ఒకసారి తీసుకెళ్లి ఏ పని నేర్పితే బాగుంటుందో అంచనా వేయించండి. ఆ రిపోర్టు పట్టుకుని మీ ఇంటికి దగ్గర్లోని డే సెంటర్ వెతకండి. చేరే ముందు ఒక పూట అక్కడ కూర్చుని చూడండి. పెద్దవాళ్ల చేత ఇంకా రంగులు వేయిస్తూ, పూసలు గుచ్చిస్తూ ఉంటే ఆ చోటు వద్దు. సరుకులు తూకం వేసి ప్యాక్ చేయడం, వంటింటి పని, బస్సెక్కడం నేర్పే చోటు కావాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకున్న 4 శాతంలో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటి వాటికి కలిపి కేటాయించారు. దాని మీదే ఆశ పెట్టుకోమని మాత్రం నేను చెప్పను.

ఆటిజం, మేధో వైకల్యం వంటివి ఉన్నవాళ్ల కోసం ఏర్పాటైన కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు. వారి నిరామయ ఆరోగ్య బీమాలో తప్పకుండా చేర్చండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు వస్తుంది. ముందస్తు వైద్య పరీక్షలు అడగరు. ఓపీ ఖర్చులు, థెరపీలు కూడా అందులో ఉన్నాయి.

ఇప్పుడు మీ అసలు భయం గురించి. 18 నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో మీ అబ్బాయి మేజరు. తల్లిదండ్రులైనా సరే అతని తరఫున సంతకం పెట్టే అధికారం మీకు దానంతట అది ఉండదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేస్తే సంరక్షకులను నియమిస్తారు. కోర్టుకు వెళ్లనక్కర్లేదు. కమిటీ ఇచ్చే ఆ సంరక్షక పత్రాన్ని బ్యాంకులు అంగీకరిస్తాయి. ఆస్తి రాసిస్తే తర్వాత బంధువులు కాజేస్తారని చాలామంది తల్లులు భయపడతారు. సంరక్షకులు నియామకమైన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. నిర్లక్ష్యం చేసినా, సొమ్ము తినేసినా ఆ సంరక్షకులను కమిటీయే తొలగించవచ్చు. అయితే సంరక్షకులు వచ్చారని అతని ఇష్టాయిష్టాలు పక్కన పెట్టకూడదు. ఏం తినాలో, ఏ చొక్కా వేసుకోవాలో, ఎవరి దగ్గర ఉంటే హాయిగా ఉంటుందో అతనే చెప్పగలడు. మాటల్లో కాకపోతే చేత్తో చూపిస్తాడు.

మీ వారు సర్వీసులో ఉండగానే చేయాల్సిన పని ఒకటుంది. సంపాదించుకోలేని వైకల్యం ఉన్న సంతానానికి తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. రిటైర్మెంట్ కాగితాల్లో అబ్బాయి పేరు, వైకల్యం రాయించి, పెన్షన్ ఆర్డర్‌లో పేరు ఎక్కించమని రాతపూర్వకంగా అడగండి. రిటైరయ్యాక కూడా అడగొచ్చు గానీ తిరగాల్సి వస్తుంది. కలెక్టర్ కమిటీ ఇచ్చే సంరక్షక పత్రం ఇక్కడా పనికొస్తుంది.

కొంతకాలం ఉంచుకునే వసతికి సమర్థ్, చివరిదాకా ఉంచుకునే వసతి గృహాలకు ఘరౌందా పేర్లతో నేషనల్ ట్రస్టు పథకాలున్నాయి. సీట్లు తక్కువ. అవసరం పడ్డాక వెతికితే దొరకవు, ఇప్పుడే ఒకటి రెండు చూసి పేరు రాయించండి. ఏడాదికి రెండుసార్లు నాలుగేసి రోజులు ఇంటికి దూరంగా ఉండటం అలవాటు చేస్తే రేపు హఠాత్తుగా వెళ్లాల్సి వచ్చినా తట్టుకుంటాడు.

మీ పెద్దమ్మాయితో నేరుగా మాట్లాడండి. 'తమ్ముణ్ని నువ్వే చూడాలి' అని మీద పడేయకుండా, 'సంరక్షకురాలిగా సంతకం పెడతావా, రోజువారీ బాధ్యత వేరేవాళ్లు చూస్తే సరేనా' అని అడగండి. కాదంటే తప్పు పట్టకండి, పిన్నిగారో మేనమామగారో ఉండొచ్చు. ఈ టెన్షన్‌తో మీకూ నిద్ర కరువై ఉంటుంది. మనసు బరువెక్కినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.