కదలని మ్యుటెంట్ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియాలో నీవు తయారుచేసిన మ్యుటెంట్, అంటే జన్యువు మారిన రకం, ప్లేటు మీద పాకడం లేదు కాబట్టి దానికి పిలైలే, అంటే కణం మీది సన్నని పిలస్ పోగులే, లేవని తేల్చేశావు. అంత తొందరపడవద్దు. పిలస్ ఉండటం వేరు, అది పనిచేయడం వేరు.

నాలుగో రకం పిలస్ 6 నుంచి 8 నానోమీటర్ల మందమున్న పోగు మాత్రమే. దానికి సొంత బలం లేదు. బలమంతా దాని మొదట్లో, కణం లోపల ఉన్న మోటారు ప్రోటీన్లది. వాటిలో పిల్‌బి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులను ఖర్చు చేస్తూ, లోపలి పొరలోని పిలిన్లను (పోగుకు ఇటుకల్లాంటి చిన్న ప్రోటీన్లను) ఒకదానికొకటి చేర్చి పోగును బయటికి పెంచుతుంది. పిల్‌టి కూడా ఏటీపీతోనే ఆ పిలిన్లను విడదీసి తిరిగి పొరలోకి చేరుస్తుంది. కొస ఎక్కడో అతుక్కున్నాక పోగు ఇలా కురచబడితేనే కణం ముందుకు జరుగుతుంది. గనేరియా బ్యాక్టీరియాలో ఒక్క పిలస్ 100 పికోన్యూటన్లకు మించిన బలంతో లాగగలదని 2002లో కొలిచారు. సెకనుకు సుమారు ఒక మైక్రాన్ చొప్పున ముడుచుకుంటున్నదంటే, సెకనులో దాదాపు వెయ్యి పిలిన్లు ఊడివస్తున్నాయన్నమాట! ఇన్నేళ్ల తరువాత కూడా ఈ లెక్క నన్ను నిలబెట్టేస్తుంది.

ఇక నీ మ్యుటెంట్ సంగతి. పిల్‌బి పోతే పోగులే పుట్టవు. పిల్‌టి పోతే కణం చుట్టూ పోగులు గుబురుగా పెరుగుతాయి, కానీ వెనక్కి రావు. ప్లేటు మీద రెండూ ఒకేలా, చుట్టూ పాకిన కణాల పలుచని వలయం లేని చిన్న చుక్కలా కనిపిస్తాయి. అందుకే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూడకుండా ఏదీ రాయవద్దు.

అంతకంటే ముందు ప్లేటును సరిచూసుకో. కణాలు పెరిగే జెల్లీ అయిన అగర్‌ను ఒక శాతం పాళ్లలో పలుచగా పోసి, పైతడి ఆరనిచ్చి, కల్చర్ అంటిన సూదిని డిష్ అడుగు తగిలేదాకా గుచ్చాలి. ఈ పాకులాట అగర్‌కూ ప్లాస్టిక్‌కూ మధ్యనే బాగా సాగుతుంది. తొలి రోజుల్లో నేను పైపైన గీసి వదిలేసి, చక్కగా పాకగల రకాన్ని కదలనిదిగా నమోదు చేసి, కొన్ని నెలలు పోగొట్టుకున్నాను. 37 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచి, అగర్‌ను ఒలిచి, అడుగున అంటుకున్న కణాలకు క్రిస్టల్ వయొలెట్ వేస్తే వలయం ఊదారంగులో తేలుతుంది.

జన్యువు మారని మాతృరకాన్ని కూడా తప్పక మైక్రోస్కోపులో చూడు. కదలక పడివున్న కణం ఉన్నట్టుండి ఒక్క కుదుపుతో కాస్త జరిగి, ఆగి, మళ్లీ మరోవైపుకు జరుగుతుంది. నీ మ్యుటెంట్‌కు పోగులు గుబురుగా కనిపిస్తే, పిల్‌టి జన్యువును ప్లాస్మిడ్ (కణంలోకి జన్యువును మోసుకెళ్లే చిన్న డీఎన్ఏ వలయం) ద్వారా తిరిగి అందించి, ప్లేటు మీద ఆ ఊదారంగు వలయం మళ్లీ వస్తున్నదో లేదో చూసి నాకు రాయి.