ఆరని ఏబీఎస్ దీపం

ప్రశ్న: వానలు మొదలయ్యాక మా పాత కారులో ఏబీఎస్ దీపం ఆరడం లేదు. మెకానిక్ సెన్సర్ మార్చాలంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: పరీక్షించకుండా మార్పించకండి. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు; ప్రతి చక్రం వేగాన్ని దానికి తెలిపేదే సెన్సర్. ఆ దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి గానీ, తడి రోడ్డుపై గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి బండి జారవచ్చు. ఎర్రని బ్రేకు దీపం కూడా వెలిగితే బండి కదపకుండా ముందు బ్రేక్ ఆయిల్ మట్టం చూడండి. ఏబీఎస్ లోపాలను తెలిపే కోడ్‌లు చదివే స్కానర్‌తో లోపం ఏ చక్రం దగ్గరో తెలుస్తుంది. చౌక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లనే చదువుతాయి. కోడ్ సెన్సర్‌ను చూపినంత మాత్రాన తప్పు దానిదేనని అనుకోకూడదు, ఎందుకంటే నిలిచిన నీళ్లలో తిరిగిన బండికి కనెక్టర్‌లో చేరిన తేమ, తెగిన వైరు, సెన్సర్ ఎదుట తిరిగే, తుప్పుపట్టిన పళ్ల చక్రం కూడా అదే కోడ్ తెప్పించగలవు. కనెక్టర్‌ను, పళ్ల చక్రాన్ని శుభ్రం చేయించి, కోడ్ చెరిపించి నడిపి చూడండి. దీపం మళ్లీ వెలిగితే వైరును, సెన్సర్‌ను మీటరుతో పరీక్షింపజేయండి.